పాటలో పోయిన నాన్న

పోయిన వారం మన పాటగాడు రంపాన్ని ఏ స్థితిలో వదిలేశామో గుర్తుండే ఉంటుంది. కొత్త ఫ్లాటు హాల్లో మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా, నేలంతా వైర్లు, సోఫాలో డైరెక్టరమ్మ. పాటగాడి బతుకు మీద సినిమా తీయడానికి వచ్చిన బృందం అది. అంతా సవ్యంగా సాగుతోందనుకునేంతలో బాత్రూం తలుపు తెరుచుకుంది. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, తడిసిన బనీనుతో, చేతిలో పానాతో వాళ్ళ నాన్న బయటికొచ్చాడు. ఏ నాన్న పోయాడని పాడి మనవాడు ఇంత పేరు తెచ్చుకున్నాడో ఆ నాన్నే. నిక్షేపంగా ఉన్నాడు.

"ఈయనెవరు?" అంది డైరెక్టరమ్మ.

"ప్లంబరండీ" అన్నాడు రంపం.

అనేశాక గానీ ఏమన్నాడో వాడికే తెలియలేదు. మాటలమ్ముకుని బతికేవాడు. ఎదుటివాడు నోరు తెరిచేలోపు ప్రాసతో సహా జవాబు పడేస్తాడని పేరు. ఆ వేగమే ఇవాళ కొంప ముంచింది. మేనమామ అనొచ్చు, పక్కింటాయన అనొచ్చు, ఏమీ అనకుండా దగ్గి ఊరుకోవచ్చు. ఇన్ని ఉండగా ఆ మాటే ఎందుకొచ్చిందిరా దేవుడా అని నాలిక కరుచుకున్నాడు.

నాన్న వాడివైపు చూశాడు. కోపంగా కాదు. ట్యాంకరు వెనక్కి తీసేటప్పుడు అద్దంలోకి చూసినట్టు, కాస్త కళ్ళు చిన్నవి చేసి చూశాడు. ఆయన జీవితమంతా నీళ్ళ ట్యాంకరు తోలాడు. పైపు ఏదైనా, కుళాయి ఏదైనా సొంత చేత్తో విప్పి బిగించాల్సిందే తప్ప బయటివాణ్ణి పిలవనివ్వడు.

"అవునమ్మా" అన్నాడు డైరెక్టరమ్మతో. "వాషర్ అరిగిపోయింది. ఇంకాసేపట్లో అయిపోతుంది." మళ్ళీ లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

డైనింగ్ టేబుల్ దగ్గర ఫోను చూసుకుంటున్న అక్క తలెత్తింది. రంపం ప్రోగ్రాములన్నీ చూసుకునేది ఆవిడే. ఎక్కడ పాడాలి, ఎవరితో మాట్లాడాలి, ఏ చొక్కా వేసుకోవాలి, అన్నీ అక్కే.

"ప్లంబర్ గారికి టీ ఇమ్మంటావా?" అంది, ప్రతి అక్షరం విడివిడిగా నొక్కి.

"అక్కా, ప్లీజ్."

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "ప్లంబరెవరే? కుళాయి మీ..."

అక్క పెద్దగా దగ్గింది. అమ్మ ఆగిపోయింది. డైరెక్టరమ్మ ముగ్గురివైపూ మార్చి మార్చి చూసి, ఏదో ఇంటి గొడవలే అనుకుని కెమెరా అతనికి సైగ చేసింది.

అసలీ రంపం అనే పేరు పాటల కంపెనీవాళ్ళు పెట్టింది కాదు. వాళ్ళ వీధి పొడవునా కలప అడితీలే. పొద్దున లేస్తే కోత మిషన్ల రొద, గాల్లో రంపపు పొట్టు. ఆ రొద మీదుగా అరిచి మాట్లాడుకోవడం వీధిలో అందరికీ అలవాటు. వీడి గొంతు మిషన్ కంటే కీచుగా ఉంటుందని అడితీ కుర్రాళ్ళు ఆ పేరు పెట్టారు. వాడు పాట నేర్చుకున్నదీ అక్కడే. నీళ్ళ దగ్గర బిందెల వరసలో ఆడవాళ్ళు తిట్టుకునేవారు చూడండి, ఒకరి మాట తోక పట్టుకుని ఇంకొకరు, ఊపిరి తీసుకోకుండా, తాళం తప్పకుండా. ఆ తిట్లు వింటూ పెరిగినవాడికి ర్యాప్ వేరే నేర్పక్కర్లేదు. ఇక దరువంటారా, సాయంత్రం నాన్న ట్యాంకరు ఖాళీ చేసుకుని వస్తే దాని పొట్ట మీద రెండు చేతులతో వాయించేవాడు. ఖాళీ ట్యాంకరు గంభీరంగా మోగేది. వీధంతా చెవులు మూసుకుంటే నాన్న మాత్రం బండి మెట్టు మీద కూర్చుని, "ఆ మూల కొట్టరా, అక్కడ బాగా పలుకుతుంది" అనేవాడు.

మరి ఆ నాన్న మీద పాట రాయొచ్చు కదా అంటారా? రాశాడు. ఎన్నోసార్లు రాశాడు. బతికున్న నాన్న మీద పాట రాయడం ఎంత కష్టమో రాసినవాడికి తెలుస్తుంది. పల్లవి కుదిరిందనుకునేలోపు ఆయనే గదిలోకొచ్చి "రిమోటు ఎక్కడ పెట్టావురా" అంటాడు. గురక పెడతాడు. చెప్పుల జత కొంటే కాలు నొక్కేస్తోందని వారం రోజులు సణుగుతాడు. కంపెనీవాళ్ళు ఆ పాటలు విని ఆవులించారు. చివరికి విసుగొచ్చి ఒక మధ్యాహ్నం కూర్చుని, నాన్నని మేడలకి రంగులేసే పనివాణ్ణి చేసి, ఎత్తు నుంచి కిందపడేశాడు. కంపెనీవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అంతే, ఆ పాట ఎక్కడికో వెళ్ళిపోయింది.

*ఊరి మేడలన్నిటికీ రంగేసినోడు,*
*మా ఇంటి గోడకి మాత్రం మిగల్లేదు వాడు.*
*ఎక్కేటప్పుడు చూశా, దిగేటప్పుడు చూళ్ళేదు,*
*నిచ్చెనుంది, బ్రష్షుంది, నాన్న మాత్రం లేడు.*

ఆ తరవాత ఓ పెద్ద ఇంటర్వ్యూలో "ఏ మేడ మీంచి?" అని అడిగితే, తడుముకోకుండా "మా వీధి చివర పాత బ్యాంకు బిల్డింగు" అన్నాడు. ఆ చుట్టుపక్కల అంతకంటే ఎత్తయింది వాడికి గుర్తురాలేదు.

"మీతో ఒక విషయం చెప్పాలి రంపం గారూ" అంది డైరెక్టరమ్మ ఇప్పుడు. "ఏమనుకోరుగా. ఈ మధ్య చాలామంది పాటగాళ్ళు లేని కష్టాలు చెప్పుకుంటున్నారు. మా వాళ్ళకి మీ మీద కూడా అనుమానం వచ్చింది. అందుకని మీ వీధికి వెళ్ళి విచారించాం."

వీధికి వెళ్ళారా! నెల కిందటే వాడు వీధంతా తిరిగి అందరినీ బతిమాలుకున్న మాట నిజమే. ఎవరైనా వచ్చి అడిగితే నాన్న పోయాడనే చెప్పండని. అడితీ కుర్రాళ్ళు ఒప్పుకున్నారు. టీ కొట్టు తాత ఒక్కడే గరిట పట్టుకుని మీదికొచ్చాడు. "బంగారం లాంటి మనిషిని నోటితో ఎలా చంపమంటావురా? నేను చచ్చినా అబద్ధం చెప్పను" అన్నాడు. ఆ తాత గనక కెమెరా ముందు నోరు విప్పి ఉంటే...

"మీ టీ కొట్టు తాతగారు దొరికారు" అంది ఆవిడ.

అయిపోయింది.

ఆవిడ ల్యాప్‌టాప్ ఇటు తిప్పింది. మసిబారిన టీ కొట్టు, దాని ముందు బల్ల మీద తాత. "బ్యాంకు బిల్డింగు మీంచి పడిపోయిన పెయింటర్ మీకు తెలుసా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. తాత భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"తెలియకపోవడమేంటి బాబూ" అన్నాడు. "గొప్ప పనివాడు. వాడు గీత గీస్తే చెదిరేది కాదు. ఈ కొట్టు మీద అక్షరాలు వాడు రాసినవే. డబ్బులు తీసుకోలేదు, టీ పోస్తే చాలు అన్నాడు. పాప చెయ్యి పట్టుకుని వచ్చేవాడు. చిన్నోడు అప్పటికింకా కడుపులో ఉన్నాడు. వాణ్ణి చూసుకోకుండానే పోయాడు పాపం." కళ్ళనిండా నీళ్ళు.

రంపం నోరెళ్ళబెట్టాడు. ముసలాడు ఇంత నటుడా! అబద్ధం చెప్పనని గరిటెత్తినవాడు, ఏడిపించి వదిలాడే! కానీ ఆ సంబరం క్షణం కూడా నిలవలేదు. ఒళ్ళు మండింది. సాయం చేసేవాడు చేసినట్టు చెయ్యొచ్చు కదా, సొంత కవిత్వం ఎందుకు? కడుపులో ఉండటమేంటి? పాటలో వాడు కళ్ళారా చూశాడు కదా!

డైరెక్టరమ్మకీ అదే తట్టింది. "ఒక్క చిన్న అనుమానం. పాటలో మీరు ఎక్కేటప్పుడు చూశానన్నారు. తాతగారేమో మీరు అప్పటికి పుట్టనేలేదంటున్నారు."

"ముసలాయనండీ. నిన్న తాగిన టీ ఇవాళ గుర్తుండదు."

"మరీ అంత వివరంగా చెప్పారే."

"అదే జబ్బండీ ఆయనకి. వివరంగా మరిచిపోతారు."

సౌండు అతను కిసుక్కున నవ్వాడు. అక్క నవ్వలేదు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి ల్యాప్‌టాప్ వైపే చూస్తోంది. ఆగిపోయిన బొమ్మలో తాత వెనక కొట్టు పేరు, నీలిరంగు అక్షరాలు, వెలిసిపోయి కనిపిస్తున్నాయి.

"ఏమైందక్కా?"

"ఏం లేదు" అంది అక్క.

"అమ్మగారితో రెండు మాటలు మాట్లాడదామా?" అంది డైరెక్టరమ్మ.

అమ్మని కెమెరా ముందు కూర్చోబెట్టడమంటే మాటలు కాదు. ముందు లైటు కళ్ళలో పడుతోందంది. తరవాత వెనక గోడ మీది కొత్త పటం వంకరగా ఉందని, తనే లేచి సరిచేసింది. పోయి కూర్చోమంటే వచ్చినవాళ్ళు ఏమీ తినలేదని లేవబోయింది. "అమ్మా, ఊరికే కూర్చో" అని రంపం, "కూర్చోండమ్మా" అని డైరెక్టరమ్మ, ఇద్దరూ కలిసి బతిమాలితే గానీ కుదురుకోలేదు.

"మీ అబ్బాయి పాట మొదటిసారి విన్నప్పుడు మీకేమనిపించింది?"

"నేను వినలేదమ్మా."

"అమ్మా!" అన్నాడు రంపం.

"వినలేదురా. ఏదో గడగడా వాగి, నాన్న లేడు అన్నావు, ఆ శుభమైన మాట వినబడగానే కట్టేశాను. మిగతాది వినాలన్నా నువ్వు వాగే వేగానికి నాకెక్కడ అర్థమై చస్తుంది? కుక్కలు తరుముతున్నట్టు పాడతావు."

డైరెక్టరమ్మ నవ్వింది. "నేను నెమ్మదిగా చదువుతాను, వినండి" అని, వద్దు వద్దని రంపం చేతులూపుతున్నా పట్టించుకోకుండా, ఒక్కో మాటే ఒత్తి పలుకుతూ చదవడం మొదలెట్టింది. ఊరి మేడలన్నిటికీ రంగేసినోడు...

మొదటి చరణానికే అమ్మ చేతులు ఒళ్ళో ఆగిపోయాయి. బ్రష్షు దగ్గరికి వచ్చేసరికి ముఖంలో రక్తం లేదు. బ్యాంకు బిల్డింగు సంగతి కూడా డైరెక్టరమ్మ చెప్పి, "ఆ రోజు గుర్తుచేసుకోవడం కష్టమే. మెల్లగా చెప్పండి" అంది.

అమ్మ లేచి నిలబడింది. "ఒక్కసారి లోపలికి రా చిన్నోడా."

"ఇప్పుడేంటమ్మా? వాళ్ళు..."

"రా అన్నానా?"

వంటింట్లోకి అడుగుపెట్టాడో లేదో అమ్మ తలుపు దగ్గరికేసింది. వెనకే అక్క కూడా దూరింది.

"నీకెవరు చెప్పారు?" అంది అమ్మ.

"ఏది?"

"రంగులేసేవాడని. ఆ బిల్డింగని. ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పడమేంటమ్మా? నేనే కల్పించా! రాగం కుదరాలి, ప్రాస కుదరాలి, ఏదో ఒకటి రాయాలి. పాటంటే పత్రికలో వార్తా? నువ్వు ఆ ముఖం పెట్టకు, అవతల వాళ్ళు కనిపెట్టేస్తారు. వెళ్ళి రెండు కన్నీళ్ళు పెట్టుకుని వచ్చెయ్, అయిపోతుంది."

అమ్మ వాడి మాట వినడంలేదు. అక్క వైపు తిరిగింది. "నువ్వా?"

అక్క గోడకి చేరగిలబడింది. "నేను చెప్పలేదమ్మా. నువ్వు వద్దన్నావుగా. వాడికి కథలు చెప్పా. నువ్వు మిషన్ కుట్టుకుంటుంటే వీణ్ణి నిద్రపుచ్చేది నేనేగా. మేడలెక్కి మబ్బులకి రంగులేసేవాడి కథ. రోజూ అదే కావాలని ఏడ్చేవాడు. వాడు ఇక దిగి రాలేదని చెప్పి ముగించేదాన్ని." తమ్ముడి వైపు తిరిగి, "వీడు అది పాటలో పెట్టేసరికి నా ఒళ్ళు మండిపోయింది. నాకు మిగిలింది అదొక్కటే. అదీ అమ్మేశాడు" అంది.

రంపం ఇద్దరినీ చూశాడు. మెల్లగా, వాడికి ఏమాత్రం ఇష్టం లేకుండా, ముక్కలు ఒకదాని పక్కన ఒకటి చేరాయి. తాత నటించలేదు. ఆ నీలిరంగు అక్షరాలు ఎవరివో అక్కకి తెలుసు. పాప చెయ్యి. కడుపులో చిన్నోడు.

"అంటే..." అన్నాడు.

"అంటే అదే" అంది అమ్మ. బియ్యం డబ్బా మీద కూలబడింది. "మీ ఇద్దరినీ కన్నవాడు అతను. నువ్వు పుట్టకముందే పోయాడు. ఈయన ఆ బిల్డింగు పనికి నీళ్ళు తోలేవాడు. ఇద్దరూ కలిసి టీ తాగేవాళ్ళు. ఆ రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళింది కూడా ట్యాంకరులోనే. అప్పట్నుంచి రోజూ మనింటికి నీళ్ళు ఊరికే పోసి వెళ్ళేవాడు, గుమ్మం ఎక్కేవాడు కాదు. నువ్వు పుట్టాక ఒకరోజు నిన్ను ఎత్తుకున్నాడు. నువ్వు ఆయన మీసం పట్టుకుని ఎంతకీ వదల్లేదు. అలా మొదలైంది."

"ఇంతకాలం నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? మీసం పట్టుకుని నాన్నా నాన్నా అని వేలాడేవాడికి, కాదురా అని చెప్పనా?"

"టీ కొట్టు తాతకి తెలుసు! అడితీల్లో పెద్దవాళ్ళందరికీ తెలిసే ఉంటుంది! అక్కకి తెలుసు! పాట రాసినవాడికి తప్ప ప్రపంచంలో అందరికీ తెలుసన్నమాట!" గొంతు తగ్గించాలని తెలుసు, తగ్గడంలేదు. "బతుకులో ఒకే ఒక్క పెద్ద అబద్ధం ఆడాను. అది కూడా నాకు సరిగ్గా చేతకాలేదు!"

అక్క నవ్వబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వంటింటి వెనక బాల్కనీ తలుపు తోసుకుని నాన్న లోపలికొచ్చాడు. అమ్మ హాల్లో ఉండగా నీళ్ళ వాల్వు తిప్పడానికి అటు వెళ్ళినట్టున్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో తెలియదు. పానా గట్టు మీద పెట్టి, చేతులు పాతగుడ్డకి తుడుచుకున్నాడు.

"వీడికి తెలియదా?" అన్నాడు అమ్మతో.

అమ్మ తలూపింది, తెలియదని.

"నేను తెలుసనుకున్నానే." ఆయన వాడి ముఖంలోకి చూడకుండా గుడ్డ మడతపెడుతూ మాట్లాడాడు. "ఆ పాట మొదటిసారి బండిలో రేడియోలో విన్నా. పక్కకి తీసి ఆపేశా. వెనక బళ్ళవాళ్ళు ఒకటే హారన్లు. ఎవరో చెప్పేసి ఉంటారు, నాతో అనడానికి మొహమాటపడి పాట రాసుకున్నాడు అనుకున్నా. న్యాయమే కదా. కన్నవాడి మీద రాసుకోక నా మీద రాస్తాడా?"

"నాన్నా..."

"అందుకే నేనేం అడగలేదు. వీధిలో వాళ్ళు నన్ను చూసి, స్వర్గం నుంచి ఎప్పుడొచ్చావని వేళాకోళమాడినా నవ్వి ఊరుకున్నా. నా గురించి కాదని నాకు తెలుసుగా. ఇందాక నువ్వు ప్లంబరన్నప్పుడు మాత్రం..." గుడ్డ ఇంకో మడత పెట్టాడు. "సరేలే, వీడి లెక్కలో అంతేనేమో అనుకున్నా."

హాల్లోంచి డైరెక్టరమ్మ, "ఎండ పోతోందండీ, కాస్త త్వరగా" అని పిలిచింది.

"వస్తున్నాం" అని గట్టిగా చెప్పి అక్క తమ్ముడి దగ్గరికి జరిగింది. గొంతు తగ్గించి, అక్కలా కాదు, ప్రోగ్రాములు చూసుకునే మనిషిలా మాట్లాడింది. "ఒరేయ్, విను. నీ పాట నిజమైపోయింది. ఎక్కేటప్పుడు చూశానన్న ఒక్క మాట తప్ప అంతా నిజం. ఇక నిన్ను ఎవరూ అబద్ధాలకోరనలేరు. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పెయ్."

ఇక్కడ మనవాడి మనసులో ఏం జరిగిందో దాచకుండా చెప్పాలి. బతికిపోయాను అనుకున్నాడు. అంత మాట విన్నాక, అంత మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, వాడికి ముందు కలిగింది ఊరట. ఇన్నాళ్ళుగా నిద్రలో కూడా పీక మీద కూర్చున్న భయం దిగిపోయింది. ఆ వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. ఆ పాట నిజమైతే, మరి ఈయనెవరు? ఆ మూల కొట్టరా, అక్కడ బాగా పలుకుతుంది అన్నదెవరు?

నాన్న ఈలోపు ప్యాంటు మడతలు దించుకున్నాడు. చొక్కా తొడుక్కుని సామాన్ల సంచి భుజాన వేసుకున్నాడు.

"ఎక్కడికి?" అంది అమ్మ.

"కిందికెళ్ళి కూర్చుంటా. వాళ్ళ పని కానీ."

"నాన్నా, ఆగు..."

"నేనుంటే నీకు నోరు రాదురా" అని తలుపు తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయాడు.

రంపం వెనకే వెళ్ళాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న నాన్నని కెమెరా అతను ఆపాడు. "అయిపోయిందా అంకుల్? మా ఇంట్లో కూడా ఒక కుళాయి ఉంది. ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. వచ్చి చూస్తారా?"

"దానిదేముంది బాబూ, వస్తా. నంబరు రాసుకో" అన్నాడు నాన్న.

చెప్పడం కూడా మొదలెట్టాడు. కెమెరా అతను ఫోను తీసి నొక్కుకుంటున్నాడు. ఆ నంబరు రంపానికి బళ్ళో చేరిన రోజు నుంచి నోటికొచ్చు. తప్పిపోతే ఎవరికైనా చెప్పరా అని నాన్నే బట్టీ పట్టించాడు. ఆ అంకెలు ఒక్కొక్కటే, ఎంతో మర్యాదగా, పరాయివాడికి అప్పగిస్తున్నాడు ఈ మనిషి. ఎంత సౌమ్యం! ఎంత ఓర్పు! వాడికి ఎక్కడలేని చిరాకూ ముంచుకొచ్చింది.

"రాడు!" అని అరిచాడు.

సౌండు అతను చెవుల మీది హెడ్‌ఫోను లాగేసుకున్నాడు.

"మీ ఇంటికి రాడు. ఎవరింటికీ రాడు. ఆయన ప్లంబర్ కాదు. నాన్నా, నువ్వు ఆ సంచి కింద పెట్టు. పెట్టు నాన్నా! ఎవరేమంటే దానికి తలూపుతావేంటి? ప్లంబరంటే అవునంటావు, చచ్చిపోయావంటే నవ్వుతావు! ఒక్కసారైనా నా చెంప పగలగొట్టి ఎందుకురా అని అడగొచ్చు కదా?"

"ఇంతమందిలో ఏంట్రా" అన్నాడు నాన్న నొచ్చుకుంటూ.

రంపం డైరెక్టరమ్మ వైపు తిరిగాడు. ఊపిరి అందడంలేదు. ఎన్ని వేల మంది ముందు పాడినా ఎన్నడూ ఇలా అవలేదు. "ఇందాక మీరు అడిగారు, ఈయనెవరని. మా నాన్న. నేను ప్లంబరని చెప్పాను. రాసుకోండి, కెమెరాలో పెట్టుకోండి, ఏం చేసుకుంటారో చేసుకోండి. ఈయన మా నాన్న."

ఆవిడ సినిమా తీసే మనిషి. ఆశ్చర్యపోవడానికి ముందే చెయ్యి చిన్నగా ఊపింది, కెమెరా తిరగనివ్వమని. ఎర్రదీపం వెలిగే ఉంది.

నాన్న సంచి నేల మీద పెట్టి, దాని పక్కనే గుమ్మం మీద కూర్చుండిపోయాడు. రెండు చేతులూ ముఖం మీద పెట్టుకున్నాడు. అక్క వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"సంతోషం" అంది డైరెక్టరమ్మ. మర్యాద మాత్రం తగ్గలేదు. "కానీ రంపం గారూ, ఆ బిల్డింగు మీంచి ఒకతను పడిపోయిన మాట నిజం. తాతగారు ఏడ్చింది నిజం. మీ నాన్నగారు ఈయనైతే, పాటలో పోయింది ఎవరు?"

రంపం నోరు తెరిచాడు. తనకి ఇప్పుడిప్పుడే తెలిసిన మనిషి గురించి ఏం చెప్పాలి? ముఖం తెలియదు. గొంతు తెలియదు. వెలిసిపోయిన నీలిరంగు అక్షరాలు తప్ప ఏమీ తెలియదు.

"వాణ్ణి అడక్కండి. వాడికేం తెలుసు."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ముఖం కడుక్కుని, చెదిరిన జుట్టు సరిచేసుకుని వచ్చినట్టుంది. ఇందాక కూర్చోవడానికి అంత గునిసిన మనిషి తిన్నగా నడిచొచ్చి కెమెరా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. లైటు కళ్ళలో పడుతున్నా తల తిప్పుకోలేదు.

"కాలు జారి పడిపోయాడని ఆ రోజు అందరికీ నేనే చెప్పాను" అంది. "తాతకి అదే చెప్పా. పోలీసులకి అదే చెప్పా." గుమ్మం వైపు చూసింది. "ఈయనకి కూడా అదే చెప్పాను."

నాన్న ముఖం మీంచి చేతులు తీశాడు.

"అతను కాలు జారి పడలేదు" అంది అమ్మ.